గైడ్ పెట్టి ఇంప్లాంట్ చేస్తామంటున్నారు, ఒప్పుకోవాలా?

పళ్ల సంగతులు: పాఠకుల ప్రశ్నలు, డాక్టర్ జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఇంప్లాంట్ల (పోయిన పన్ను చోట దవడ ఎముకలోకి దించే లోహపు స్క్రూల) గురించే, అందులోనూ 'సర్జికల్ గైడ్' అనే మాట చుట్టూనే తిరిగాయి. అందుకని ఈ నెల మిగతా ప్రశ్నలు పక్కన పెట్టి దీని మీదే రాస్తున్నాను. చిగుళ్ల నుంచి రక్తం గురించి అడిగినవాళ్లు ఏమీ అనుకోవద్దు, వచ్చే నెల మీకే.

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 63 ఏళ్లు, రిటైర్డ్ టీచర్ని. కింది దవడలో కుడివైపు వెనకాల రెండు పళ్లు తీయించుకుని నాలుగేళ్లయింది. ఒక క్లినిక్‌లో మామూలుగా ఇంప్లాంట్లు పెడతామన్నారు. ఇంకో చోట స్కాన్ తీసి, గైడ్ తయారు చేయించి దాంతో పెడతాం, దానికి డబ్బు వేరే అన్నారు. అసలు ఆ గైడ్ అంటే ఏంది? నిజంగా అవసరమా, బిల్లు పెంచడానికా?
– ఒక పాఠకుడు, ప్రొద్దుటూరు

జవాబు: మాస్టారూ, మన సీమలో బోరు వేయించని రైతు లేడు కదా, ఆ లెక్కలోనే చెబుతాను. ముందు ఒకరొచ్చి పాయింట్ పెడతారు. తర్వాత బోరు బండి వచ్చి, జాకీల మీద లేచి, మట్టం చూసుకుని, సరిగ్గా ఆ పాయింట్ మీద నిటారుగా దిగుతుంది. ఇంప్లాంట్‌లోనూ ఈ రెండు పనులే ఉన్నాయి. ఎముకలో ఎక్కడ, ఎంత లోతు, ఏ వాలులో దించాలో తేల్చడం ఒకటి. తేల్చినదాన్ని తప్పకుండా అక్కడే దించడం రెండోది. సర్జికల్ గైడ్ ఈ రెండో పనికి.

చూడ్డానికి అది మీ పళ్ల మీద టోపీలా కూర్చునే గట్టి ప్లాస్టిక్ పలక. ఇంప్లాంట్ రావాల్సిన చోట దానికి ఒక రంధ్రం, ఆ రంధ్రంలో చాలావరకు ఒక లోహపు గొట్టం ఉంటాయి. ఆ గొట్టాన్ని స్లీవ్ అంటాం. డ్రిల్ అందులోంచే దిగుతుంది కాబట్టి పక్కకు ఒరగదు, అనుకున్న లోతు దగ్గర ఆగిపోతుంది.

అది ఎలా తయారవుతుందో తెలిస్తే డబ్బు ఎందుకు అడుగుతున్నారో అర్థమవుతుంది. ముందు సీబీసీటీ స్కాన్ తీస్తారు. దవడ ఎముక పొడవు, వెడల్పు, లోతు మూడూ అందులో కనిపిస్తాయి. దవడంతా ఒకే బొమ్మలో పడే మామూలు ఓపీజీ ఎక్స్‌రేలో వెడల్పు కనిపించదు, పైగా బొమ్మ అసలు సైజు కన్నా పెద్దగా పడుతుంది, అదీ నోరంతా ఒకే లెక్కన కాదు. తర్వాత చిన్న కెమెరా స్కానర్‌తో పళ్లను, చిగుళ్లను స్కాన్ చేస్తారు, అది లేనిచోట అచ్చు తీసి ఆ అచ్చును స్కాన్ చేస్తారు. ఈ రెండింటినీ కంప్యూటర్లో ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోబెట్టి, ముందు రాబోయే పన్ను ఎక్కడుండాలో గీసి, దాని కింద ఇంప్లాంట్‌ను పెట్టి చూస్తారు. అంతా కుదిరాక గైడ్‌ను 3డీ ప్రింటర్‌లో రెజిన్ అనే ప్లాస్టిక్‌తో ప్రింట్ చేస్తారు. అది మీ నోటికి కొలిచి చేసింది, ఇంకొకరికి పనికిరాదు, మీకూ ఒక్కసారికే.

మీ విషయంలో అవసరమా అంటే, మీరు చెప్పిన చోటు కింది దవడ వెనక భాగం. అక్కడ ఎముక లోపల సొరంగంలాంటి దారిలో ఒక నరం పోతుంది, కింది పెదవికి, గడ్డానికి స్పర్శ ఇచ్చేది అదే. ఇంప్లాంట్ కొసకూ ఆ నరానికీ మధ్య కనీసం 2 మిల్లీమీటర్లు ఖాళీ ఉంచాలన్నది మేం పాటించే నియమం. దానికి తోడు నాలుక వైపు ఆ ఎముక లోపలికి గుంటలా ఉంటుంది, డ్రిల్ వాలు తప్పితే అటుగా బయటికి పొడుచుకొస్తుంది. పళ్లు పోయి నాలుగేళ్లయింది కాబట్టి ఎముక కొంత అరిగే ఉంటుంది. వీటన్నిటి వల్ల సీబీసీటీ లేకుండా మీరు ఒప్పుకోవద్దు, ఇది గట్టిగా చెబుతున్నాను. ఇక గైడ్ మాట. స్కాన్‌లో నరం మీద బోలెడు ఎత్తు, మంచి వెడల్పు ఉంటే, చెయ్యి తిరిగిన డాక్టర్ గైడ్ లేకుండా కూడా బాగా పెట్టగలరు. ఎముక బొటాబొటిగా ఉంటే మాత్రం గైడ్‌కు పెట్టే డబ్బు వృథా కాదు. పక్కపక్కన రెండు పెట్టాలి కాబట్టి ఇంప్లాంట్‌కూ ఇంప్లాంట్‌కూ 3 మిల్లీమీటర్లు, పంటికీ ఇంప్లాంట్‌కూ ఒకటిన్నర మిల్లీమీటరు ఎడం తప్పకూడదు, కంటి అంచనా కన్నా గైడ్ దీన్ని బాగా కాపాడుతుంది.

ఒక్క సంగతి మాత్రం మర్చిపోవద్దు. పాయింట్ తప్పు పెడితే బండి ఎంత నిటారుగా తవ్వినా నీళ్లు పడవు. గైడ్ తనంతట తాను ఆలోచించదు, ప్లాన్‌లో తప్పుంటే ఆ తప్పునే తు.చ. తప్పకుండా మీ ఎముకలోకి దించుతుంది. అందుకని గైడ్ వాడతారా అని అడగడం కన్నా, "సార్, నా ప్లాన్ స్క్రీన్ మీద ఒకసారి చూపించండి, నరం ఎక్కడుంది, ఇంప్లాంట్ కొస ఎక్కడ ఆగుతుంది?" అని అడగండి. చూపించడానికి ఐదు నిమిషాలు చాలు. రెండు క్లినిక్కులలోనూ అడగండి, ఎవరు ఓపికగా చూపిస్తారో వాళ్ల దగ్గరికి వెళ్లండి. బిల్లులో స్కాన్, గైడ్, ఇంప్లాంట్, పైన వచ్చే క్యాప్ దేనికదే రాయించుకోండి.

ప్రశ్న: మేడమ్, మా అమ్మకు 71. పళ్లు ఒక్కటీ లేవు, కట్టుడు పళ్లున్నాయి కానీ కింది సెట్టు నిలవదు, మాట్లాడితేనే లేచొస్తుంది. సంగటి మింగుతుంది, జొన్నరొట్టె తిని ఏళ్లయింది. పళ్లే లేనప్పుడు గైడ్ దేని మీద కూర్చుంటుంది? షుగర్ కూడా ఉంది.
– ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: మీ సందేహం చాలా సరైనది, గైడ్ విషయంలో అసలు చిక్కంతా అక్కడే ఉంది. గైడ్ మూడు రకాలుగా కూర్చుంటుంది. పళ్ల మీద, చిగురు మీద, చిగురు విప్పి నేరుగా ఎముక మీద. పన్ను కదలదు, అందుకే పళ్ల మీద కూర్చునేదే అన్నిటికన్నా కచ్చితం. ఎముక మీద పెట్టేదానికి చిగురు చాలా మేర విప్పాలి, కూర్చోవడం కూడా అంత నమ్మకంగా ఉండదు, ఇప్పుడు తక్కువగానే వాడుతున్నారు. అమ్మకు చేస్తే చిగురు మీద కూర్చునే రకం చేస్తారు.

చిగురు మెత్తగా ఉంటుంది కదా, నొక్కితే అణుగుతుంది, మత్తు ఇంజెక్షన్ మందు ఎక్కగానే ఉబ్బుతుంది, అందుకని గైడ్ పక్కకు జరగకుండా మూడు నాలుగు చోట్ల సన్నటి పిన్నులతో ఎముకకు బిగిస్తారు. బిగించేముందు పై పళ్ల సెట్టుతో కలిపి ఒక కాటు అచ్చు పెట్టి, అమ్మను మెల్లగా కొరికి పట్టుకోమంటారు, గైడ్ సరైన చోట కూర్చోవడానికే అది. స్కాన్ తీసే పద్ధతి కూడా వేరు. కట్టుడు పళ్లకు ఎక్స్‌రేలో తెల్లగా కనిపించే చుక్కలు అంటించి, వాటిని నోట్లో పెట్టి ఒకసారి, సెట్టును విడిగా ఒకసారి స్కాన్ తీస్తారు. తర్వాత ఆ చుక్కల్ని బట్టి రెండు స్కాన్లను కలుపుతారు. వదులుగా ఉన్న సెట్టుతో ఈ పని చేయకూడదు. అది నోట్లో జరిగితే ప్లాన్ మొత్తం జరుగుతుంది. కాబట్టి అవసరమైతే ముందు సెట్టును చిగురుకు అతికేలా సరిచేయించాలి లేదా కొత్తది చేయించాలి, తర్వాతే స్కాన్. ఈ మెట్టు ఎగ్గొట్టేవాళ్లు ఉన్నారు, మీరు అడిగి మరీ చేయించండి.

అమ్మకు దవడంతా ఇంప్లాంట్లు పెట్టించాల్సిన పనిలేదు. కింది దవడ ముందు భాగంలో రెండు ఇంప్లాంట్లు పెట్టి, కట్టుడు సెట్టుకు లోపలి వైపు బటన్ లాంటివి అమర్చితే, చొక్కా గుండీ పట్టినట్టు సెట్టు టక్కున పడుతుంది, రాత్రికి తీసి కడుక్కోవచ్చు. 2002లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో సమావేశమైన నిపుణులు, పళ్లు లేని కింది దవడకు ముందుగా ఆలోచించాల్సిన చికిత్స ఇదేనని ప్రకటించారు. జొన్నరొట్టె కూరలో నానబెట్టుకునైనా తింటుంది, నా దగ్గర పెట్టించుకున్న పెద్దవాళ్లు తింటున్నారు.

దవడ ముందు భాగమే కదా, నరం వెనకాలే ఉంటుంది కదా అని తేలిగ్గా తీసుకోవద్దు. అక్కడ నాలుక వైపు ఎముకను ఆనుకుని రక్తనాళాలుంటాయి. డ్రిల్ అటుగా ఎముక దాటి వెళితే నాలుక కింద రక్తం చేరి వాచి, ఊపిరికే అడ్డం రావచ్చు. అరుదు, కానీ ప్రాణం మీదికి వచ్చే సంగతి. ముసలితనంలో ఎముక సన్నబడిపోయినవాళ్లకు నేను ప్లాన్ లేకుండా డ్రిల్ ముట్టుకోను.

షుగర్ ఉంటే ఇంప్లాంట్ వద్దనేం లేదు. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష చేయించండి, 7 దగ్గర్లో ఉంటే హాయిగా ముందుకు పోవచ్చు, 8 దాటి ఉంటే ముందు దాన్ని అదుపులోకి తెచ్చుకోండి. ఇంకొకటి, ఎముకలు గుల్లబారాయని ఏడాదికోసారి ఎక్కించే జోలెడ్రోనిక్ యాసిడ్ ఇంజెక్షన్ గానీ, వారానికోసారి వేసుకునే అలెండ్రోనేట్ మాత్ర గానీ ఎప్పుడైనా వాడారా? వాడి ఉంటే తప్పకుండా చెప్పాలి, ఆ మందుల వల్ల దవడ ఎముక మానకపోయే ప్రమాదం ఉంటుంది. రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే మీ అంతట మీరు ఆపేయొద్దు, ఇచ్చిన డాక్టర్‌ను అడగాలి.

ప్రశ్న: గైడ్ ఉంటే కోత, కుట్లు ఉండవంట కదా?
– ఒక పాఠకురాలు, గుంతకల్లు

జవాబు: అందరికీ కాదు. చిగురు, ఎముక రెండూ పుష్కలంగా ఉంటే చిగురులో గుండ్రటి చిన్న రంధ్రం చేసి అందులోంచే పెట్టేస్తాం, వాపు, నొప్పి బాగా తగ్గుతాయి. గట్టి చిగురు కొంచెమే ఉంటే దాన్ని ముక్కగా కోసి పారేయడం నష్టం, అప్పుడు కొద్దిగా విప్పి కుట్లు వేయడమే మేలు. ఎముక పోత (తక్కువైన చోట ఎముక నింపడం) అవసరమైతే ఎలాగూ విప్పాల్సిందే.

ప్రశ్న: సార్, నాకు 29 ఏళ్లు. నోరు సరిగ్గా తెరుచుకోదు, రెండు వేళ్లు మాత్రమే పడతాయి. కింద వెనక పన్ను పోయింది. గైడ్ పెట్టి చేయడం కుదరదని చెప్పి పంపేశారు. నిజమేనా?
– ఒక పాఠకుడు, ఆదోని

జవాబు: నిజమే, వాళ్లు మీకు మంచి మాటే చెప్పారు. గైడ్ మందం, స్లీవ్ ఎత్తు కూడా కలుపుకోవాలి కాబట్టి గైడ్‌తో వాడే డ్రిల్లులు మామూలువాటికన్నా పొడవు. దానికి పైన డ్రిల్‌ను తిప్పే హ్యాండ్‌పీస్ తల ఉంటుంది. వెనక పళ్ల దగ్గర ఇదంతా పట్టాలంటే మూడు వేళ్లు నిలువుగా పట్టేంత నోరు తెరుచుకోవాలి, అప్పటికీ ఒక్కోసారి ఇరుకే. పక్క నుంచి డ్రిల్ దూర్చేలా ఒకవైపు తెరిచి ఉంచిన స్లీవ్‌లు ఉన్నాయి, కొంత సాయపడతాయి.

కానీ నాకు మీ ఉత్తరంలో గుండె గుబేలుమన్నది పన్ను సంగతి కాదు. ఇరవై తొమ్మిదేళ్లకే నోరు ఎందుకు బిగిసింది? గుట్కా, వక్కపొడి, పాన్ మసాలా ఏదైనా అలవాటుందా? కారం తగిలితే నోరు మండుతోందా, బుగ్గ లోపల తెల్లగా, తాళ్లు కట్టినట్టు గట్టిగా ఉందా? అలా ఉంటే దాన్ని సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్ అంటారు, అందులో కొందరికి అది క్యాన్సర్‌గా మారుతుంది. ఇంప్లాంట్ మాట తర్వాత. ఈ వారంలోనే దగ్గర్లోని డెంటల్ కాలేజీకి వెళ్లండి, కర్నూల్లోనూ ఉంది, కడపలో రిమ్స్ ప్రాంగణంలో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉంది. ఓరల్ మెడిసిన్ విభాగంలో చూపించుకోండి. ఆ ప్యాకెట్ ఈరోజే మానేయండి తమ్ముడూ, రేపటికి కాదు.

ప్రశ్న: మేడమ్, నేను బీడీఎస్ చదివి మూడేళ్లుగా ప్రాక్టీసు చేస్తున్నాను. గైడెడ్ కిట్ (గైడ్‌తో వాడే డ్రిల్లుల సెట్టు) కొన్నాను. ల్యాబ్ నుంచి గైడ్ తెప్పించి నాలుగు కేసులు చేశాను, ఒకదాంట్లో పెట్టాక తీసిన ఎక్స్‌రేలో ఇంప్లాంట్ ప్లాన్ కన్నా పక్కకు ఒరిగి కనిపిస్తోంది. గైడ్ వాడినా తేడా ఎందుకొస్తుంది? కిట్‌లో ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?
– ఒక డెంటల్ డాక్టర్, కర్నూలు

జవాబు: ఈ ప్రశ్నను అందరూ చదివే శీర్షికకు పంపినందుకు మీకు నమస్కారం, దాచుకునేవాళ్లే ఎక్కువ. పేషెంట్లు కూడా చదవడం మంచిదే కాబట్టి ఇక్కడే రాస్తున్నాను.

తేడా వస్తుంది, అందరికీ వస్తుంది. 2018లో వచ్చిన ఒక పెద్ద సమీక్షలో, కంప్యూటర్ ప్లాన్‌తో చేసిన గైడ్లు వాడినా, ఇంప్లాంట్ పైభాగం దగ్గర సగటున 1.2 మిల్లీమీటర్లు, కొస దగ్గర 1.4 మిల్లీమీటర్లు, వాలులో మూడున్నర డిగ్రీలు తేడా ఉన్నట్టు తేలింది. నరానికి 2 మిల్లీమీటర్ల దూరం అన్నది ఊరికే పెట్టిన అంకె కాదు, ఈ తేడాను మింగడానికే. గైడ్ ఉంది కదా అని ఒక మిల్లీమీటరు దూరంలో ప్లాన్ చేసేవాళ్లను చూశాను, దయచేసి అలా చేయకండి.

ఒరగడానికి మొదటి కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే, గైడ్ పూర్తిగా కూర్చోలేదు. ప్లాన్ చేసేటప్పుడే రెండు మూడు పళ్ల మొనల దగ్గర కిటికీలు పెట్టమని ల్యాబ్‌కు చెప్పండి, ఆ కిటికీల్లోంచి పన్ను గైడ్‌ను తాకుతోందో లేదో కళ్లారా కనిపిస్తుంది. ముందు ప్రింట్ చేసిన మోడల్ మీద, తర్వాత నోట్లో, మత్తు ఇవ్వకముందే పెట్టి చూడండి. ఒక చివర వేలితో నొక్కితే రెండో చివర లేస్తే అది వాడకండి. బర్‌తో (అరగదీసే చిన్న మొనతో) లోపల గీకి ఎలాగోలా కూర్చోబెట్టడం కూడా వద్దు, ఎక్కడ గీకారో దాన్ని బట్టి అది ఇంకో చోట కూర్చుంటుంది. ఇంప్లాంట్ చోటుకు ముందువైపే పళ్లుండి, వెనకవైపు ఖాళీగా ఉన్న కేసుల్లో ఈ తూగుడు ఎక్కువ, డ్రిల్ బరువుకు గైడ్ వెనక వైపు దిగిపోతుంది. మీ కేసు అలాంటిదే అయ్యుంటుందని నా ఊహ. అక్కడ ఒక పిన్ను వేసుకోవాలి.

నాకూ ఒకసారి ఇలాంటి దెబ్బ తగిలింది. స్కాన్ అయ్యాక రెండు నెలలకు వచ్చిన పేషెంట్‌కు గైడ్ పెడితే కూర్చోదు. ఎంత చూసినా ఏంటో తెలియదు. చివరికి అడిగితే, మధ్యలో పక్క పంటికి వేరే చోట ఫిల్లింగ్ వేయించుకున్నారని తెలిసింది. ఆ రోజు ఆయన పొద్దున్నే బస్సెక్కి దూరం నుంచి వచ్చారు, తిప్పి పంపడానికి మనసు రాలేదు, అయినా పంపేశాను, మళ్లీ స్కాన్ చేసి కొత్త గైడ్ నా ఖర్చుతోనే చేయించాను. తప్పు నాదే, స్కాన్ తర్వాత పళ్లు ముట్టుకోవద్దని నేను చెప్పలేదు. అప్పటి నుంచి స్కాన్ రోజే కాగితం మీద రాసిస్తున్నాను.

రెండోది స్లీవ్‌లో సందు. స్లీవ్‌లో కీ (డ్రిల్ సైజుకు తగ్గట్టు స్లీవ్‌లో పెట్టే చిన్న గొట్టం), కీలో డ్రిల్, ప్రతి చోటా కొంచెం వదులు ఉండక తప్పదు, లేకపోతే తిరగదు. ఆ వదులును వాలుగా మార్చేది మన చెయ్యే. హ్యాండ్‌పీస్‌ను బుగ్గ వైపో వెనక్కో లాగకుండా, స్లీవ్ మధ్యలో తేలికగా దిగనివ్వాలి. ఇక్కడ ఆఫ్‌సెట్ (స్లీవ్‌కూ ఇంప్లాంట్ తలకూ మధ్య దూరం) లెక్క కూడా ఉంది. స్లీవ్ పై అంచు నుంచి ఇంప్లాంట్ తల దాకా 9 మిల్లీమీటర్లు, ఇంప్లాంట్ 10 అనుకోండి, డ్రిల్ ప్రయాణం 19. మూడున్నర డిగ్రీల వాలుకు 10 మిల్లీమీటర్ల దగ్గర తేడా 0.6, అదే 19 దగ్గరకొచ్చేసరికి మిల్లీమీటరు దాటిపోతుంది. అందుకని చిగురుకు తగలకుండా స్లీవ్‌ను ఎంత కిందికి తేగలిగితే అంత మంచిది. ఆఫ్‌సెట్ ఎక్కడి నుంచి ఎక్కడికి కొలుస్తారన్నది కంపెనీని బట్టి మారుతుంది, ఒక కంపెనీ స్లీవ్‌లో ఇంకో కంపెనీ డ్రిల్ దూరింది కదా అని వాడేయకండి. ల్యాబ్ పంపే డ్రిల్లింగ్ ప్రోటోకాల్ కాగితం మీద ఏ కీ, ఏ డ్రిల్, ఏ పొడవు అని వరసగా ఉంటుంది, దాన్ని ట్రే పక్కన అంటించి అసిస్టెంట్‌తో పైకి చదివించండి. చాలా డ్రిల్లుల్లో మొన భాగం గుర్తులో లెక్కేయరు, గీత 10 అని ఉన్నా మొన ఇంకాస్త లోపలికి పోతుంది, మీ కిట్ పుస్తకంలో అదెంతో ఒకసారి చూసుకోండి.

వేడి సంగతి అన్నిటికన్నా నిర్లక్ష్యం అవుతోందని నా బాధ. ఎముక 47 డిగ్రీల వేడిని ఒక నిమిషం భరిస్తే దెబ్బతింటుందని 1983లోనే ఎరిక్సన్, ఆల్బ్రెక్ట్సన్ కుందేళ్ల మీద చేసిన ప్రయోగంలో చూపించారు. గైడ్ లేనప్పుడు సెలైన్ నేరుగా డ్రిల్ మీద పడుతుంది, గైడ్ ఉంటే స్లీవ్ దానికి అడ్డం. కాబట్టి ఏకబిగిన దించకుండా, కొంచెం దించి పూర్తిగా పైకి తీసి, అసిస్టెంట్ సిరంజితో రంధ్రంలోకి సెలైన్ కొట్టాక మళ్లీ దించాలి. స్లీవ్ పక్కన నీళ్లు పోవడానికి దారి పెట్టమని ప్లాన్‌లోనే చెప్పొచ్చు. మే నెలలో మన కర్నూల్లో బయట పెట్టిన సెలైన్ సీసా చేత్తో పట్టుకుంటేనే వెచ్చగా ఉంటుంది, ముందురోజే ఫ్రిజ్‌లో పెట్టుకోండి. మొద్దుబారిన డ్రిల్ కోయదు, రాస్తుంది, రాపిడి అంటేనే వేడి. ఏ డ్రిల్ ఎన్నిసార్లు వాడారో చిన్న పుస్తకంలో రాసుకుని, కంపెనీ చెప్పిన లెక్క దాటగానే మార్చేయండి. ఖరీదే, తెలుసు.

గైడ్‌ను శుభ్రం చేయడంలోనూ ఒక చిక్కుంది. కొన్ని రెజిన్లు ఆటోక్లేవ్ (ఆవిరితో క్రిములను చంపే యంత్రం) వేడికి తట్టుకుంటాయి, కొన్ని వంకర తిరుగుతాయి. ఏ రెజిన్ వాడారో ల్యాబ్‌ను అడిగి, ఆ రెజిన్ కంపెనీ చెప్పిన ఉష్ణోగ్రతకే పెట్టండి, ఆటోక్లేవ్ వద్దన్నదైతే వాళ్లు చెప్పిన ద్రావణంలో చెప్పినంతసేపు ఉంచండి. ఆటోక్లేవ్ నుంచి తీశాక మోడల్ మీద ఇంకోసారి కూర్చోబెట్టి చూడటం అలవాటు చేసుకోండి, మోడల్‌ను కూడా శుభ్రం చేసి పెట్టుకుంటేనే అది కుదురుతుంది.

చివరిగా, మొదటి పైలట్ డ్రిల్ అయ్యాక గైడ్ తీసి, రంధ్రంలో పిన్ను పెట్టి ఒక చిన్న ఎక్స్‌రే తీయండి. అప్పటికి రంధ్రం సన్నగానే ఉంటుంది, తప్పుంటే దిద్దుకునే వీలుంది. గైడ్ లేకుండా చేయడం రానివాళ్లు గైడ్‌తో కూడా చేయకూడదన్నది నా గట్టి అభిప్రాయం. గైడ్ విరగవచ్చు, స్లీవ్ ఊడిపోవచ్చు, అప్పుడు చేతిలో పని ఉండాలి. ఒరిగిన ఆ కేసులో పేషెంట్‌కు విషయం చెప్పండి. నరానికీ పక్క పంటికీ దూరంగా ఉండి, ఇంప్లాంట్‌కూ పైన క్యాప్‌కూ మధ్య ఉండి కోణం సరిచేసే అబట్‌మెంట్‌తో కుదిరితే భయపడాల్సింది లేదు. ఎంత దూరంలో ఉందో చిన్న ఎక్స్‌రే సరిగ్గా చెప్పదు, అనుమానం ఉంటే సీబీసీటీ తీయండి.

ప్రశ్న: మూడు వారాల కిందట మా ఆయనకు కింది వెనక పన్నుకు ఇంప్లాంట్ పెట్టారు. స్కాన్ తీయలేదు, గైడ్ లేదు. అప్పటి నుంచి కింది పెదవి సగం మొద్దుగా ఉంది, గడ్డం గీసుకుంటే తెలియట్లేదు. అడిగితే మత్తు దిగలేదు, మెల్లగా పోతుందంటున్నారు. టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు, కడప

జవాబు: అమ్మా, మత్తు ఇంజెక్షన్ ప్రభావం నాలుగైదు గంటలు. మూడు వారాల తర్వాత ఉండేది మత్తు కాదు, నరం మీద ఒత్తిడో దెబ్బో అయ్యుంటుంది. ఇది చదివిన రోజే సీబీసీటీ తీయించి, ఓరల్ సర్జన్‌కు చూపించండి. ఇంప్లాంట్ నరం దారిలోకి దిగి నొక్కుతుంటే తీసేయడమో, పొట్టిది పెట్టడమో వాళ్లు నిర్ణయిస్తారు. ఇలాంటివి మొదటి ఒకటి రెండు రోజుల్లో పట్టుకుంటే ఫలితం బాగుంటుంది, ఆ సమయం దాటింది, అయినా ఇక ఒక్క రోజు కూడా ఆగొద్దు. నరం కమిలి మాత్రమే ఉంటే చాలామందికి నెలల మీద స్పర్శ తిరిగొస్తుంది, చీమలు పాకినట్టు అనిపించడం మొదలైతే అది తరచుగా మంచి గుర్తే. మంటగా, షాక్ కొట్టినట్టుగా నొప్పి ఉంటే అది కూడా చెప్పండి, దానికి వేరే మందులున్నాయి.

పెట్టిన డాక్టర్‌తో గొడవకు ముందు రికార్డులు తీసుకోండి. ఎక్స్‌రేలు, ఇంప్లాంట్ కంపెనీ పేరు, సైజు ఉన్న స్టిక్కర్ మీకు ఇవ్వాలి. వేడి వేడి టీ, అన్నం తినేటప్పుడు ఆ పక్క పెదవి కాలినా తెలియదు, జాగ్రత్తగా ఉండమనండి.

ఇది చదివే మిగతావాళ్లకు: కింది దవడలో ఇంప్లాంట్ పెట్టించుకున్న మర్నాడు పొద్దున కూడా పెదవి మొద్దుగానే ఉంటే, అప్పుడే ఫోన్ చేయండి. రెండ్రోజులు చూద్దాం అనుకోవద్దు.

ప్రశ్న: రోబో ఇంప్లాంట్ పెడుతుందని వీడియో చూశాను. అదొచ్చేదాకా ఆగనా?
– ఒక డిగ్రీ విద్యార్థి, తాడిపత్రి

జవాబు: రోబో ఉన్నమాట నిజమే. అమెరికాలో 2016 డిసెంబరులో యోమి అనే దానికి అనుమతి వచ్చింది, అది డాక్టర్ చేతిని పట్టి నడిపిస్తుంది. 2017లో చైనాలోని షియాన్‌లో రోబోయే తనంతట తాను రెండు ఇంప్లాంట్లు పెట్టింది. ఈ రెండింటికీ మన గైడ్‌కూ మధ్య డైనమిక్ నావిగేషన్ అని ఇంకొకటుంది. పైన కెమెరాలు పెట్టి డ్రిల్ ఎక్కడుందో స్క్రీన్ మీద అప్పటికప్పుడు చూపిస్తుంది, మధ్యలో ప్లాన్ మార్చుకోవచ్చు, నోరు తక్కువ తెరుచుకునేవాళ్లకు పనికొస్తుంది. దేనికైనా మొదలు మళ్లీ సీబీసీటీ, ప్లానే.

మీరు ఆగితే మీ కోసం ఎముక ఆగదు. పన్ను తీసిన మొదటి ఏడాదిలోనే వెడల్పు బాగా తగ్గిపోతుంది. ఇంప్లాంట్ ఎముకకు అతుక్కోవడానికి కింద మూడు నెలలు, పైన నాలుగు నుంచి ఆరు నెలలు ఎలాగూ పడుతుంది. స్వీడన్‌లో బ్రనెమార్క్ అనే డాక్టర్ 1965లో మొదటి పేషెంట్‌కు టైటానియం ఇంప్లాంట్లు పెట్టినప్పుడు సీబీసీటీ లేదు, గైడ్ లేదు, ఆ పేషెంట్ 2006లో చనిపోయేదాకా వాటితోనే తిన్నాడు. మీకు 18 నిండి దవడ ఎదుగుదల పూర్తయిందో లేదో మాత్రం ముందు చూపించుకోండి, కుర్రాళ్లకు ఒక్కోసారి ఇరవై దాటేదాకా ఆగమంటాం. అప్పటిదాకా ఆ ఖాళీలో పక్క పళ్లు ఒరగకుండా తీసిపెట్టుకునే పన్ను ఒకటి చేయించుకోండి.